అలికిన నేల మీద తెల్లమన్ను

1954 జూన్‌లో నన్ను కర్నూలులోని ఒక ప్రభుత్వ బోర్డులో లోయర్ డివిజన్ క్లర్కుగా నియమించారు. సైన్సును, సాంకేతిక జ్ఞానాన్ని జిల్లాల ఆర్థికాభివృద్ధికి ఉపయోగించాలని కొత్త రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన బోర్డు అది. దాని పేరు ఇంగ్లీషులో రెండు పంక్తులు పట్టేది. ఊళ్ళో వాళ్ళు మాత్రం ‘సైన్సు బోర్డు’ అనేవారు. నా నియామకం పది-ఏ-ఒకటి కింద జరిగింది. సర్వీసు నిబంధనల్లో ఆ అంకెకు ఉన్న అర్థం ఆనాటి గుమాస్తాలందరికీ తెలుసు. పద్ధతి ప్రకారం ఎంపికైన మనిషి వచ్చేవరకు తాత్కాలికంగా కూర్చోబెట్టినవాళ్ళం మేము. ఏ రోజైనా, నోటీసు లేకుండా, ఇంటికి పొమ్మనవచ్చు.

మా ఊరిలో బడి మూడో తరగతితో ఆగిపోయేది. ఆ తరువాత మా ఇంటి వసారానే నా బడి. కరణీకం చేసి విరమించిన మా నాన్నగారే ఉపాధ్యాయులు. లెక్కలు, ఇంగ్లీషు, తెలుగు వ్యాకరణం ఆయన దగ్గరే నేర్చుకుని, ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ పరీక్షకు కట్టి పాసయ్యాను. బడి గడప సరిగా తొక్కని పిల్లకు సర్కారు కొలువు దొరకడం ఆ నరసింహస్వామి దయ అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

రాజధాని కొత్తది కావడంతో కర్నూలులో చాలా ఆఫీసులు గుడారాల్లోనే నడిచేవి. మాదీ అంతే. గాలికి కాగితాలు లేచిపోకుండా ప్రతి బల్ల మీదా కడప బండ ముక్కలు పెట్టుకునేవాళ్ళం. బోర్డుకు పైన సెక్రటరీగారు, ఆయన కింద గెజిటెడ్ హోదా ఉన్న టెక్నికల్ ఆఫీసర్లు, వారి కింద అసిస్టెంట్లు, ఆ తరువాత మేము. నాకు ఇచ్చింది నమూనాల విభాగం. జిల్లాల నుంచి వచ్చే రాళ్ళకు, మట్టికి, సున్నపురాయికి నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించడం, పరీక్షకు పంపడం, ఫలితం వచ్చాక ఉత్తరం టైపు చేయడం నా పని. ప్రయోగశాల గుడారాల వెనుక ఒక పాత బంగళాలో ఉండేది. అందులో కిరోసిన్‌తో మండే ఒక కొలిమి, దాన్ని చూసుకునే నబీ సాహెబ్ అనే అటెండరు ఉండేవారు. ఆయన వయసులో మా నాన్నగారంతటివారు. నన్ను ‘బేటీ’ అని పిలిచేవారు.

ఆ సంవత్సరం బోర్డు తలపెట్టిన పనుల్లో ఒకటి తెల్లమన్నుతో జాడీలు తయారుచేసే శిక్షణ కేంద్రం. ఊరగాయ జాడీలు, ఆసుపత్రులకు కావలసిన పాత్రలు అన్నీ అప్పుడు బయటి ప్రాంతాల నుంచే వచ్చేవి. సీమలో తెల్లమన్ను దొరికే ఊర్లలో ఏదో ఒకచోట కేంద్రం పెట్టి, అక్కడి కుమ్మరులకే పని నేర్పాలన్నది ఆలోచన. కేంద్రం ఒక్కటే, అడిగిన ఊళ్ళు ఐదు. ఏ ఊరి మన్ను కొలిమిలో తెల్లగా, పగలకుండా నిలబడుతుందో ఆ ఊరికే కేంద్రం.

పరీక్షకు మన్ను తీయడానికి ఒక పద్ధతి ఉంది. మన్ను తీసే గుంటలో నాలుగైదు చోట్ల తవ్విన మన్నును ఒకచోట కుప్ప పోసి, కలిపి, చదును చేసి, నాలుగు పాళ్ళుగా విభజించాలి. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్ళు తీసేయాలి. మిగిలినది మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు పాళ్ళు చేయాలి. చివరికి నాలుగు వీశెలు, అంటే ఐదున్నర కిలోలు, మిగిలేవరకు ఇలాగే. దాన్ని రెండు సంచుల్లో కట్టి, ఒకటి పరీక్షకు, రెండోది సీలు వేసి దాచడానికి పంపాలి. రేపు ఎవరైనా ఫలితం తప్పు అంటే ఆ రెండో సంచే సాక్షి. ఇలా చేస్తే ఆ కాస్త మన్ను గుంటంతటికీ ప్రతినిధి అవుతుంది.

ఐదు ఊళ్ళలో నాలుగింటికి మా అసిస్టెంట్లే వెళ్ళి మన్ను తీశారు. రాజంపేట తాలూకాలో చెయ్యేటి వైపున్న ఐదో ఊరికి ఎవరికీ తీరిక చిక్కలేదు. అందుకని పద్ధతి ఇంగ్లీషులో రాసి ఉన్న కాగితాన్ని తెలుగు చేసి ఆ ఊరికి పంపమని టెక్నికల్ ఆఫీసరుగారు నాకు ఇచ్చారు. నా చేతికి వచ్చిన మొదటి స్వతంత్రమైన పని అది. రెండు రోజులు కూర్చుని, ఊరివాళ్ళకు తెలిసే మాటల్లో రాశాను. ఇంగ్లీషులో ‘శుభ్రమైన కాన్వాసు గుడ్డ పరిచి’ అని ఉంది. పల్లెలో కాన్వాసు ఎవరింట్లో ఉంటుంది? కాస్త ఆలోచించి, ‘చక్కగా అలికి ఆరిన నేల మీద పోసి’ అని మార్చాను. మా ఇంట్లో ధాన్యం పోసినా, వడియాలు పెట్టినా, దేవుడిని కూర్చోబెట్టినా ముందు అలకడమే. నా మార్పు నాకే ముచ్చటగా తోచింది. ఆఫీసరుగారు పై నుంచి కిందికి ఒకసారి చూసి సంతకం చేశారు.

మూడు వారాల తరువాత సంచులు రెండూ భుజాన వేసుకుని ఆ ఊరి కుమ్మరి వెంకటసుబ్బయ్య స్వయంగా వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మూడు రైలుబండ్లు మారి వచ్చానన్నాడు. పార్సిలులో వేయవచ్చు కదా అన్నాను.

“రైలోళ్ళ చేతికిస్తే యాడ దింపుతారో ఏమోమ్మా. ఇది పోతే మా బతుకే పోయినట్ల” అన్నాడు.

అతని మాట అతిశయోక్తి కాదు. అల్యూమినియం గిన్నెలు సంతలకు వచ్చాక కుండలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఆ ఊరిలో పదకొండు కుమ్మరి ఇళ్ళుంటే ఐదిళ్ళలో సారె తిరగడం ఆగిపోయింది. ఆ ఇళ్ళవాళ్ళు కోడూరు తోటలకు కూలికి పోతున్నారు. కేంద్రం రాకపోతే తనూ ఆ దారే పట్టాలన్నాడు.

“మా మన్ను సూడమ్మా, ఎట్లుండాదో” అంటూ పంచె కొంగులోంచి పిడికిలంత గడ్డ తీసి నా బల్ల మీద పెట్టాడు. ఉడికిన అన్నంలా తెల్లగా ఉంది. “ఇది గుంటలోంచి సక్కా తెచ్చినా. ఆఫీసరు సారు కండ్లతో సూస్తే సాలు, ఇంగ కొలిమెందుకు?”

కంటితో చూసినది రిజిస్టరులో ఎక్కదని చెప్పి, సంచులకు నంబరు వేసి రసీదు ఇచ్చాను. గడ్డను మాత్రం అతను తిరిగి తీసుకోలేదు. అది నా బల్ల మీదే, కాగితాలకు బరువుగా ఉండిపోయింది.

పరీక్షలో మన్నును తడిపి, బిళ్ళలుగా చేసి, ఆరబెట్టి, కొలిమిలో కాలుస్తారు. వెంకటసుబ్బయ్య మన్ను బిళ్ళలు గులాబీ రంగు తిరిగి, అక్కడక్కడ ఇటుక రంగు చుక్కలతో బయటికి వచ్చాయి. నాలుగు రోజులు గడిచాక ఇంకో లోపం కనిపించింది. బిళ్ళల పైన ఆవగింజంత గుంటలు పడ్డాయి. మన్నులో సున్నపురాయి నలుసు ఉంటే కొలిమిలో అది సున్నమవుతుంది. తరువాత గాలిలో చెమ్మ తగిలి ఉబ్బి, పైపొరను చిమ్మేస్తుంది. జాడీకి అంతకన్నా పెద్ద లోపం లేదు. ‘ఇనుము, సున్నము అధికం. పనికిరాదు’ అని నివేదిక వచ్చింది. ఆ ఉత్తరం నేనే టైపు చేసి డిస్పాచికి పంపాను.

పంపాక బల్ల మీది గడ్డను చూస్తే మనసు నిలవలేదు. ఇంత తెల్లటి మన్నులో ఇటుక రంగు ఎక్కడిది? మధ్యాహ్నం దాన్ని పట్టుకుని నబీ సాహెబ్ దగ్గరికి పోయి, దీన్ని కూడా ఒకసారి కాల్చి చూస్తారా అని అడిగాను.

“నంబరుందా దీనికి?” అన్నారాయన.

లేదన్నాను.

“నంబరు లేనిది కొలిమిలో పెడితే నా నౌకరీకి నంబరు పడుతుంది బేటీ” అన్నారు. అంటూనే గడ్డను వెలుతురులోకి తిప్పి చూసి, “సరే, ఈడ మూలకు కొంచెం జాగా ఉండాది. నేను సూడలేదు, నువ్వు ఇయ్యలేదు” అని నవ్వి తీసుకున్నారు.

మరుసటిసారి కొలిమి వెలిగించినప్పుడు ఆ గడ్డతో చేసిన బిళ్ళలు మీగడ రంగులో వచ్చాయి. ఒక్క చుక్క లేదు. వారం రోజులు ఉంచినా ఒక్క గుంట పడలేదు.

మన్ను తీసిన గుంట ఒకటే, తెచ్చిన మనిషి ఒకడే. గడ్డ నేరుగా వచ్చింది, సంచి మాత్రం నేను రాసిన పద్ధతి గుండా వచ్చింది. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా నా కాగితమే. పొద్దున దీపం పెట్టుకుని స్వామికి దండం పెట్టి, బిళ్ళలు రెండు రకాలూ తీసుకుని ఆఫీసరుగారి గుడారానికి వెళ్ళాను. నంబరు లేని మన్నును కొలిమిలో పెట్టించానని, నబీ సాహెబ్‌ను నేనే బలవంతపెట్టానని మొదట చెప్పుకున్నాను. ఆయన ముఖం కోపంతో బిగిసింది. కానీ బిళ్ళలు పక్కపక్కన పెట్టి చూశాక, సీలు వేసి దాచిన రెండో సంచి తెప్పించారు. ఆయన సమక్షంలో సీలు విప్పి మన్నును పళ్ళెంలో పరిచాము.

ఏరగా ఏరగా గోరంత పెచ్చు ఒకటి దొరికింది. ఒకవైపు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మీద సన్నటి తెల్ల గీత ఉంది. ఆఫీసరుగారు అదేదో ఖనిజపు పొర అనుకుని భూతద్దం అడిగారు. నాకు భూతద్దం అక్కరలేకపోయింది. రాయలసీమలో పుట్టిన ఏ ఆడదానికైనా అది తెలుస్తుంది. ఎర్రమన్నుతో అలికిన అలుకు, దాని మీద ముగ్గు. ఎర్రమన్నుకు ఆ ఎరుపునిచ్చేది ఇనుము, ముగ్గుపిండి అంటే సున్నపురాయి పొడి. అలికిన నేల మీద పదిసార్లు పారతో కుప్ప పోసి కలిపితే ఆ రెండూ గోకుకుని మన్నులో కలిశాయి. భూమిలోంచి తీసిన దాన్ని సర్కారుకు పంపేటప్పుడు ముగ్గు లేని ఒట్టి నేల మీద ఎలా పోస్తారు? మా అమ్మయినా అదే చేసేది.

ఈ తప్పు నేను రాసిన మాట వల్లే జరిగిందని చెప్పాను. పది-ఏ-ఒకటి అన్న అంకె ఆ క్షణంలో నాకు బాగానే గుర్తుంది. ఆయన ఇంగ్లీషు కాగితాన్ని, నా తెలుగు కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూశారు. చివరికి, కాగితం మీద సంతకం తనదని, సంజాయిషీ తాను రాసుకుంటానని, బోర్డు సమావేశం పన్నెండు రోజుల్లో ఉంది కనుక ఈలోగా సరైన మన్ను తెచ్చే బాధ్యత మాత్రం నాదని అన్నారు. అంతటి పెద్దమనసున్న అధికారి కింద నా ఉద్యోగం మొదలు కావడం నా అదృష్టం. మళ్ళీ మన్ను తీయడానికి బోర్డు సిబ్బంది వస్తున్నారని ఆ ఊరికి అదే రోజు తంతి వెళ్ళింది.

నబీ సాహెబ్ కాన్వాసు చుట్ట మోసుకుని బయలుదేరారు. నాకు తోడుగా మా నాన్నగారు వచ్చారు. ద్రోణాచలంలో, గుంతకల్లులో రైళ్ళు మారి రాజంపేటలో దిగాము. అక్కడి నుంచి ఎద్దుల బండి మీద ఊరు చేరేసరికి ఎండ ఎక్కింది. గుంట దగ్గరికి వెళ్ళి చూశాను. గుంట ముందు మూడు మంచాలు పట్టేంత నేల ఎర్రమన్నుతో అద్దంలా అలికి ఉంది. దాని నిండా తెల్లటి ముగ్గు. వెంకటసుబ్బయ్య తల్లి ఓబులమ్మ, అరవై దాటిన మనిషి, చేతులకు ఇంకా ఎర్రమన్నుతో ఎదురొచ్చింది.

“రాండమ్మా రాండి. మొదుటిసారి సరింగా అలకలేదేమో, అందుకే సర్కారోళ్ళు వద్దన్యారు అనుకుంటి. ఈసారి రెండు సుట్లు అలికినా. సూడు పాపా, యాడన్నా లోపముండాదేమో!”

ఈలోగా నబీ సాహెబ్ కాన్వాసు విప్పి దూరంగా పరిచారు. అది పాత గుడారం గుడ్డ. ఓబులమ్మ దాన్ని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

“ఏందప్పా ఇది? చెప్పుల కాళ్ళతో తొక్కిన గుడ్డ మాదిరుండాది. భూమమ్మను తీసి దీని మీద పోస్తారా? మా వంశమంతా ఈ మన్ను తినే బతికింది. నేను ఒప్పను.”

“అవ్వా, ఇది సర్కారు రూలు” అన్నారు నబీ సాహెబ్.

“నీ సర్కారు నీ కొలిమికాడ చూపించుపో సాయిబూ. ఈడ గుంట మాది.”

వెంకటసుబ్బయ్య తల్లిని వారించబోయాడు. ఆమె వినలేదు. నేను చెప్పులు విడిచి, గుంటకు దండం పెట్టి, ఆమె దగ్గర కూర్చున్నాను. అలకమని కాగితంలో రాసింది నేనేనని, ఎర్రమన్ను, ముగ్గు కలిసినందువల్లే బిళ్ళలు చెడాయని, తప్పు వాళ్ళది కాదని, వాళ్ళ మన్నుదీ కాదని, నాదేనని చెప్పాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వా రాసింది? ఇంత పిల్లవు! నీ కాయితం మా వాడు మూడుసార్లు సదివినాడు, నేను మూడుసార్లు ఇన్న్యా. అలకమని రాస్తివి గానీ ఏ మన్నుతో అలకల్లో రాయకపోతివే!”

“తెలియక రాశానవ్వా.”

“సరేలే. అలికినోళ్ళకు తెలీకపాయె, రాసినదానికీ తెలీకపాయె. ఇద్దరికీ సరిపాయె” అని నవ్వింది.

అయినా కాన్వాసు మాటకు మాత్రం ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు నాకు తోచినది నబీ సాహెబ్‌ను అడిగాను. కొత్త నూలు గుడ్డ పరిస్తే పరీక్షకు ఏమైనా చెడుపా? ఆయన గడ్డం నిమురుకున్నారు. “నూలు పోగు పడినా, గంజి పడినా కొలిమిలో కాలిపోతాది. ఎర్రమన్నే కాలదు. గుడ్డయితే ఫరవాలేదు” అన్నారు. ఓబులమ్మ ఇంట్లోకి వెళ్ళింది. వెంకటసుబ్బయ్య అహోబిలం తిరునాళ్ళకు కట్టుకోవాలని దాచుకున్న కొత్త పంచెతో తిరిగి వచ్చింది. దాన్ని రెండు క్షణాలు చేతిలోనే పట్టుకుని చూసి, తానే పరిచింది.

పూజ అలికిన చోటే, గుంట నోటి దగ్గర జరిగింది. టెంకాయ కొట్టారు. ఆ తరువాత కాళ్ళు చేతులు కడుక్కుని గుంటలోకి దిగి, ఐదు చోట్ల లోపలి మన్ను తవ్వి, అలికిన నేలకు తగలకుండా గంపలు చేతుల మీదే అందుకుని పంచె మీద పోశారు. కలిపి, నాలుగు పాళ్ళు చేసి, రెండు తీసేసి, మళ్ళీ కలిపాము. పాళ్ళు చేసిన ప్రతిసారీ ఓబులమ్మ “తీసేసింది యాడ పోస్తారు?” అని అడిగేది. తిరిగి గుంటలోకే అని చెప్పాక తృప్తిపడేది. రెండు సంచులకూ నేను సీలు వేస్తుంటే వెంకటసుబ్బయ్య పక్కన కూర్చున్నాడు.

“తోటలో మేస్త్రీకి మాటిచ్చినామ్మా, సోమవారం వస్తామని. ఏం చెప్పమంటావు?”

ఫలితం ఎలా వస్తుందో నేను చెప్పలేనని, పోవద్దనే అధికారం నాకు లేదని చెప్పాను. అతను తల ఊపాడు. ఆ సోమవారం అతను కూలికి వెళ్ళాడని తరువాత తెలిసింది.

కర్నూలు చేరిన మరునాడే బిళ్ళలు చేశారు. అవి ఆరేవరకు ఆగాలి, కాలేవరకు ఆగాలి, గుంటలు పడతాయేమో చూడడానికి మళ్ళీ ఆగాలి. ఉన్నవి తొమ్మిది రోజులు. బోర్డు సమావేశానికి ముందు రోజు ఉదయం నబీ సాహెబ్ బిళ్ళలున్న పళ్ళెం పట్టుకుని గుడారంలోకి వచ్చి, నా రిజిస్టరు మీద పెట్టారు. గడ్డతో చేసిన బిళ్ళలంత మీగడ రంగు రాలేదు. కాస్త పసుపు తిరిగిన తెలుపు. ఐదు చోట్ల మన్ను కలిస్తే అంతే మరి. ఆ గుంట మన్నుకు అసలైన రంగు అదే. చుక్కలు లేవు, గుంటలు పడలేదు. తెలుపు టీ కప్పులకు చాలదు, గట్టిదనం మాత్రం జాడీలకు ధారాళంగా సరిపోతుంది అని ఆఫీసరుగారు నివేదిక రాశారు. మొదటి నివేదిక ఎందుకు తప్పిందో కూడా అందులోనే రాశారు. నా పేరు రాయలేదు.

ఐదు ఊళ్ళలో రెండింటి మన్ను జాడీలకు నిలిచింది. రెండో ఊరికన్నా రైలు స్టేషను దగ్గర కావడం వల్ల బోర్డు వెంకటసుబ్బయ్య ఊరిని ఎంచుకుంది. మరుసటి సంవత్సరం కేంద్రం తెరిచారు. తోటల నుంచి తిరిగి వచ్చిన ఆరుగురు కుమ్మరులు మొదటి జట్టులో చేరారు. అందరికన్నా పెద్దవాడు వెంకటసుబ్బయ్య. పని నేర్పే మాస్టరు తనకన్నా పదేళ్ళు చిన్నవాడని, అయినా సారె మీద చెయ్యి పెడితే మాస్టరే తన దగ్గర నేర్చుకుంటున్నాడని అతను నాకు ఒక కార్డు రాశాడు.

తరువాత రాజధానితోపాటు మా బోర్డూ హైదరాబాదుకు తరలింది. నా తాత్కాలిక నియామకం క్రమబద్ధమై, సూపరింటెండెంటు హోదాలో పదవీ విరమణ చేశాను. ఆ మధ్య కాలంలో ఎన్నో సూచన పత్రాలు రాశాను. ఆ రాజంపేట ప్రయాణం తరువాత, ఏ పద్ధతి రాసినా దాన్ని చేయవలసిన మనిషి చేత, వాళ్ళ ఊళ్ళోనే, నా ఎదుట ఒకసారి చేయించి చూశాకే సంతకానికి పెట్టేదాన్ని. పని ఆలస్యమవుతోందని కొందరు పై అధికారులు విసుక్కునేవారు. ఆ విసుగు నాకు ఇబ్బంది అనిపించలేదు. కాగితంలో వదిలేసిన చోట మనుషులు తమకు తెలిసిన మంచి పనే చేస్తారు. ఆ పని ఏమిటో ముందుగా తెలుసుకోవడం రాసేవాళ్ళ బాధ్యత. ఫలితం తప్పినప్పుడు మొదట తిరగేయవలసింది వాళ్ళ మన్నును కాదు, మన కాగితాన్ని.